పలమనేరు నుంచి తిరుపతికి

సింగిల్ సర్వర్ అంటే ఏంటో మన బ్రాంచ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. సర్కారు వైపు గుండె వైద్యానికి మన పాత చిత్తూరు జిల్లాకి ఆ సర్వర్ తిరుపతి. స్విమ్స్, రుయా, 2021లో మొదలైన చిన్నపిల్లల గుండె ఆసుపత్రి, అన్నీ ఇక్కడే.

ఒకేచోట పెట్టడం తప్పేం కాదు. క్యాథ్‌ల్యాబ్ ఊరూరా పెట్టలేం. రోజూ కేసులు చూసే డాక్టర్ చెయ్యి తీరే వేరు. ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్‌కైతే బస్సెక్కి వచ్చినా సరిపోతుంది. గుండెపోటు అలా కాదు కదా! పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగి, చిత్తూరు దాటి తిరుపతి చేరాలంటే వంద కిలోమీటర్ల పైనే, రెండు గంటలు దాటుతుంది. రక్తం అందని గుండె కండరం ఆ దారి పొడవునా చచ్చిపోతూనే ఉంటుంది. (చిత్తూరు వాళ్లకి వేలూరే దగ్గర, కానీ అది వేరే రాష్ట్రం.)

అందుకే స్టెమీ ప్రోగ్రాం. దగ్గరి ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి పెద్దాసుపత్రి స్పెషలిస్టుకి పంపిస్తారు. ఆయన సరే అంటే, గడ్డని కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ అక్కడే వేసి, తర్వాత ఆంబులెన్స్ ఎక్కిస్తారు. అంటే పేషెంట్ కంటే ముందు డేటా బయల్దేరుతుంది.

అయితే ఇదంతా మొదలయ్యేది మనిషి ఆ మొదటి ఆసుపత్రి మెట్లెక్కినప్పుడే. మా జేజినాయన "గ్యాసేలేరా" అని సోడా తాగి తెల్లారేదాకా పడుకున్నాడు. ఆసుపత్రి మూడు కిలోమీటర్లే.