పొద్దెక్కకముందే చూడాల్సిన నూనె

పత్తి కాలంలో ఆదోనిలో నాలుగు రోజులు కారు తిప్పి చూడండి. ముందు జాలీకి, దాని వెనక రేడియేటర్ రెక్కల మధ్యకు తెల్లటి నూగు చేరుతుంది. మార్కెట్ యార్డుకు వచ్చే బండ్ల మీంచి రాలిన దూది, జిన్నింగ్ మిల్లుల చుట్టూ గాలిలో తేలే పీచు అది. ఊరికి అన్నం పెట్టే పత్తి కాబట్టి ఆ నూగును ఎవరూ పట్టించుకోరు. ఆటోమేటిక్ కారు ఉన్నవాళ్లు మాత్రం పట్టించుకోవాలి. చాలా ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్స్ నూనెను చల్లబరిచేది కూడా ఆ రేడియేటరో, దాన్ని ఆనుకుని ఉన్న చిన్న కూలరో. ఇంజను వేడెక్కితే ఎదురుగా మీటరో, ఎర్ర దీపమో చెబుతుంది. గేర్‌బాక్స్ నూనె ఎంత వేడెక్కిందో చూపించే మీటరు చాలా కార్లలో లేదు.

మా బావగారిది ఎమ్మిగనూరు. ఓ మే నెలలో మంత్రాలయం వెళ్లి వస్తుంటే ఆయన కారు వింతగా నడిచింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది, బండి మాత్రం ఆ అరుపుకు తగ్గట్టు కదలడం లేదు. కింద నుంచి సన్నగా ఈల. మర్నాడు ఆదోనిలో మాకు తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన నూనె చుక్క వేలి మీద రుద్దుకుని, వాసన చూసి, "ఈ నూనె యాడ పోయించినారు సార్?" అన్నాడు.

"సర్వీసుకిచ్చినప్పుడు తగ్గిందని పోసినారప్పా. ఎర్రదే కదా, ఏమీ కాదన్నారు."

"ఎర్రగా ఉంటే అన్నీ ఒకటే ఐతాయా సార్? ఇది బెల్టు గేర్‌బాక్సు. దీని నూనె వేరే ఉండాది."

ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ నూనెకు ఎర్ర రంగు కలిపేది గుర్తు కోసం. కారు కింద మరక కనబడితే ఇంజన్ ఆయిల్ కారిందా, గేర్‌బాక్స్‌ది కారిందా తెలియాలని. జాతి ఏమిటో రంగు చెప్పదు. మామూలు ఆటోమేటిక్‌లో ఆ నూనె ఒక్కటే నాలుగు పనులు చేస్తుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను బలాన్ని చక్రాల వైపు మోసేది అదే. గేర్లకు జారుడునిచ్చేది, వేడిని బయటికి తీసుకెళ్లేది అదే. వాల్వ్ బాడీలోని సన్నటి దారుల్లో ఒత్తిడిగా మారి ఏ క్లచ్ ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు వదలాలో నడిపించేదీ అదే. బెల్టు గేర్‌బాక్స్‌లో, అంటే సీవీటీలో, కథ వేరు. రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంటుంది. ఉక్కును ఉక్కు పట్టుకోవాలి, కానీ అరగకూడదు. ఆ పట్టును ఇచ్చేలా దాని నూనెను ప్రత్యేకంగా తయారు చేస్తారు. మామూలు ఎర్ర నూనె పోస్తే ఆ పట్టు సడలుతుంది. బావగారి కారు ఈల వేసింది అందుకే.

పట్టు, జారుడు రెండూ ఒకే నూనెలో ఇమడ్చడం ఎంత కష్టమో చరిత్రలో ఉంది. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో హైడ్రామాటిక్ గేర్‌బాక్స్‌ను జనానికి అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ నూనెల్లో స్పెర్మ్ తిమింగిలం నూనె కలిపేవారు. క్లచ్ పలకలు కుదుపు లేకుండా పట్టుకోవడానికి అది అంత బాగా పనికొచ్చింది. 1970ల తొలినాళ్లలో తిమింగిలాలను కాపాడేందుకు అమెరికా దాన్ని నిషేధించాక, నూనె సూత్రాన్నే మార్చి రాసుకోవాల్సి వచ్చింది. అందుకే డబ్బా మీద రాసిన కోడ్‌ను అక్షరం పొల్లుపోకుండా కారు పుస్తకంలోని దానితో సరిచూడాలి. దీనికి బదులు ఇది నడుస్తుందన్న మాటను నమ్మకూడదు.

ఇక చూసే పద్ధతి. పాత ఆటోమేటిక్‌లకు డిప్‌స్టిక్ ఉండేది. వాటిని బాగా వేడెక్కాక చూడాలి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా సుమారు 30 కిలోమీటర్లు నడిపితే ఆ వేడి సరిగ్గా వస్తుంది. చదునైన చోట ఆపి, గేరు పీలో పెట్టి, చాలా కంపెనీల కార్లకు ఇంజను నడుస్తుండగానే చూడాలి. హోండా పాత ఆటోమేటిక్‌లకు మాత్రం ఇంజను ఆపి, ఒకటి ఒకటిన్నర నిమిషంలోపు చూడాలి. కడ్డీ తుడిచే గుడ్డ విషయంలో నాది ఒక బతిమాలుడు. దూది వేస్టుతో తుడవకండి. పత్తి ఊళ్లో అది చేతికి అందుబాటులో ఉంటుంది, నిజమే. కానీ వాల్వ్ బాడీ లోపలి దారులు అతి సన్నవి. ఒక్క పీచు చాలు, ఒక వాల్వు బిగుసుకుని గేరు పడకపోవడానికి. పీచు వదలని మైక్రోఫైబర్ గుడ్డ ఒకటి కారులోనే పెట్టుకోండి.

కొత్త కార్లలో చాలావాటికి డిప్‌స్టిక్ లేదు. కింద ఒక నట్టు ఉంటుంది. ఇంజను నడుస్తుండగా దాన్ని విప్పితే ఎక్కువైన నూనె కారిపోవాలి, కారడం ఆగే మట్టమే సరైన మట్టం. అయితే నూనె ఒక నిర్ణీత వేడిలో ఉన్నప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. టయోటా వంటి చాలా గేర్‌బాక్సులకు అది దాదాపు 35 నుంచి 45 డిగ్రీలు. వేడెక్కితే నూనె ఉబ్బుతుంది. ఏడు లీటర్ల నూనె 20 డిగ్రీల నుంచి 80కి వెళ్తే పావు లీటరు పైగా పెరుగుతుంది. అంత తేడాతో మట్టం చూస్తే తక్కువైనా పోస్తారు, ఎక్కువైనా పోస్తారు. ఎక్కువైతే తిరిగే భాగాలు నూనెను చిలికి నురగ చేస్తాయి, నురగ ఒత్తిడిని మోయలేదు.

ఇప్పుడు మన ఎండ సంగతి ఆలోచించండి. మే నెల మధ్యాహ్నం ఈ ప్రాంతంలో నీడలోనే 40 దాటుతుంది. ఎండలో నిలిపిన కారు గేర్‌బాక్స్‌లో నూనె, ఇంజను స్టార్ట్ చేయకముందే 45ను మించి ఉండొచ్చు. కారు పుస్తకాలు రాసిన దేశాల్లో నూనె ఆ వేడికి ఎక్కేదాకా ఎదురుచూస్తారు. మనం అది దాటకముందే పట్టుకోవాలి. కాబట్టి ఎండాకాలం ఈ పనికి ఒకటే వేళ, తెల్లవారుజాము. ఎమ్మిగనూరు వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. పడుగును వీధిలో సాగదీసి గంజి పట్టించే పని చేనేత వాళ్లు పొద్దు పొడవకముందే ముగిస్తారు. ఎండెక్కితే గంజి ముందే ఆరిపోయి పోగు తెగుతుంది.

అసలు మార్చాలా అని అడుగుతారు. జీవితకాలం ఉంటుందని షోరూంలో చెబుతారు కదా అంటారు. గేర్‌బాక్సులు తయారు చేసే జర్మన్ కంపెనీ జడ్‌ఎఫ్ తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, గరిష్ఠంగా ఎనిమిదేళ్లకో నూనె మార్చమని చెబుతుంది. తయారు చేసినవాళ్ల మాటకే నేను విలువిస్తాను. మన ఎండకు, జాతర రోజుల్లో అంగుళం అంగుళం కదిలే రద్దీకి, నూగు పట్టిన కూలరుకు నేనైతే 60,000 దగ్గరే మార్పిస్తాను. మార్చేటప్పుడు అడుగున నూనె దించే నట్టు విప్పితే సాధారణంగా సగానికి తక్కువే దిగుతుంది. మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే కొందరు కొద్ది వేల కిలోమీటర్ల తేడాతో రెండు విడతలుగా మారుస్తారు, అది మంచి పద్ధతి. నూనె ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వేస్తే లోపల క్లచ్ పలకలు కాలుతున్నట్టు. పాలు కలిపినట్టు కనబడితే నీళ్లు చేరినట్టు, ఆ బండిని ఇక నడపకండి.

చేత్తో గేర్లు వేసే కార్లదీ చిన్న మాట. వాటికి నూనె రెండు లీటర్ల చుట్టుపక్కలే. కోడ్ చూడకుండా జీఎల్-5 పోస్తే అందులోని గంధకం ఇత్తడి సింక్రో రింగులను తినే ప్రమాదం ఉంది. 2014లో సెలేరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ కార్లను జనం ఆటోమేటిక్ అంటారు గానీ, లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే. సెలేరియో వంటి వాటిలో గేరు ఆయిల్‌తో పాటు, క్లచ్‌ను నొక్కే యాక్చుయేటర్‌కు వేరే చిన్న డబ్బా నూనె ఉంటుంది. సర్వీసులో ఆ రెండోదాని గురించి అడిగేవాళ్లు తక్కువ. అడగండి.

బావగారి కారు మళ్లీ ఆదోనికి వెళ్లింది, ఈసారి పొద్దున ఐదున్నరకే. మెకానిక్కు ముందు గొట్టంతో రేడియేటర్ నూగు కడిగాడు. తప్పుడు నూనె దించి, పుస్తకంలో రాసిన కోడ్ ఉన్న కొత్త డబ్బాలు మా ముందే విప్పి పోశాడు. స్కానర్ పెట్టి ఇంజను నడిపాడు. 33, 36, 38. కింద నట్టు విప్పాడు. నూనె ధారగా వచ్చింది, సన్నబడింది, చుక్కలుగా మారింది. "ఇదీ లెవెలు" అని నట్టు బిగించి, డోరు లోపలి చట్రం మీద తేదీ, కిలోమీటర్లు, నూనె కోడ్ మార్కర్‌తో రాశాడు. ఆ సరికి రణమండల కొండ మీద ఎండ పడింది.