మీకు తెలుసా? పొద్దుగూకాక ఆకాశంలో లేచే బుడగలు
సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున, సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు ఆక్సిజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అలా ఏర్పడేదే అయనోస్ఫియర్ పైపొర. అయస్కాంత భూమధ్యరేఖ మీద పగటిపూట ఈ ఎలక్ట్రాన్లు ఫౌంటెన్‌లా ఎగసి, ఉత్తర దక్షిణాలకు జారిపోతాయి. అందుకే సరిగ్గా ఆ రేఖ మీద కన్నా, అటూ ఇటూ 15 డిగ్రీల దూరంలో అవి ఎక్కువ! మన దేశంలో ఆ రేఖ దక్షిణపు కొసన పోతుంది. 1963లో ఆ రేఖకు దగ్గరున్న తుంబా నుంచి మన దేశపు తొలి రాకెట్ ఎగిరింది అందుకే.

అసలు వింత పొద్దుగూకాక మొదలవుతుంది. కింది పొరలు త్వరగా పలచబడతాయి, పైపొర ఇంకా పైకి లేస్తుంది. దాని అడుగున ఎలక్ట్రాన్లు తక్కువగా ఉన్న బుడగలు పుట్టి వందల కిలోమీటర్లు ఎగబాకుతాయి. వాటి గుండా వచ్చే జీపీఎస్ సంకేతాలు తడబడతాయి. మన దగ్గర రేయింబవళ్లు సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో ఈ బెడద మరీ ఎక్కువ. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్‌తో శాస్త్రవేత్తలు ఈ బుడగల్ని గమనిస్తుంటారు.