వెనక వరుస కూడా పోల్చుకునేలా: మన కెమెరాకి ఏ జూమ్ లెన్స్?



మన హాస్టల్ కెమెరాకి మంచి లెన్స్ కొనాలని పూర్వ విద్యార్థులు పోగుచేసిన సొమ్ము రూ.18,500. ఇందులో ఉద్యోగాల్లో స్థిరపడ్డ అన్నలు ఇచ్చిన వేలూ ఉన్నాయి, ఆటో నడుపుకుంటున్న ఒక అన్న ఇచ్చిన రెండొందలూ ఉన్నాయి. అందుకే ఏది కొన్నామో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోకుండా, ఎందుకు అదే కొన్నామో ఈ సంచికలో వివరంగా రాయాలని కమిటీ తీర్మానించింది. ఫిజిక్స్‌లో పీజీ చేశామని ఆ పని మా మీద పెట్టారు. ఇది ఒక రకంగా లెక్క అప్పజెప్పడం అనుకోండి. ఇంట్లోకో, పెళ్లి ఫోటోల పనికో కెమెరా కొనుక్కున్న తమ్ముళ్లకు కూడా ఉపయోగపడుతుంది.

అసలు ఈ ఆలోచన పోయిన ఏటి గ్రూప్ ఫోటోతో మొదలైంది. 118 మంది, ఐదు వరుసలు. మధ్యలో కూర్చున్న వార్డెన్ గారూ, ఉపాధ్యాయులూ చక్కగా వచ్చారు. చివరి వరుసలో రెండు కొసల నిలబడ్డ పిల్లలు మాత్రం ఎవరికి ఎవరో తెలియలేదు. ఇదేం పెద్ద విషయం అనిపించవచ్చు. కానీ మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. మా అమ్మకు అక్షరం రాదు. పత్రిక ఇంటికి వెళితే ఆమె వేలు పెట్టి వెతికేది ముఖం కోసమే. మనలో చాలామంది ఇళ్లలో ఇదే పరిస్థితి. ఆ పుటలో పిల్లవాడు మసగ్గా ఉంటే ఆ తల్లికి పత్రిక అందనట్టే లెక్క.

దాంతో "లెన్స్ బాగోలేదు, కొత్తది కొందాం" అన్న మాట వచ్చింది. మన కెమెరా కెనాన్ 1200డి. 2014లో వచ్చిన మోడల్, ఒక అన్న వాడి మనకిచ్చాడు. దానితో వచ్చింది 18-55 మి.మీ. కిట్ లెన్స్. కొనడానికి ముందు మేము చేసిన పని, ఆ పాత ఫోటో ఫైలును కంప్యూటర్‌లో తెరిచి దాని వివరాలు చూడటం. సాయంత్రం ఆరు గంటలు. 18 మి.మీ., ఎఫ్ 4, 1/30 సెకను, ఐ.ఎస్.ఓ. 800, ఫ్లాష్ వెలిగింది. ఈ నాలుగు అంకెల్లోనే సగం కథ ఉంది.

ముందు ఫ్లాష్ సంగతి. ఈ కెమెరా మీద ఉండే చిన్న ఫ్లాష్ శక్తి ఐ.ఎస్.ఓ. 100 దగ్గర సుమారు 9 మీటర్లు. దాన్ని ఎఫ్ సంఖ్యతో భాగించాలి, ఐ.ఎస్.ఓ. పెంచితే ఆ మేరకు వర్గమూలంతో హెచ్చించాలి. లెక్క వేస్తే ఆ వెలుగు దాదాపు 21 అడుగుల దాకా పనిచేస్తుంది. వరుసకు 24 మంది, మనిషికి అడుగున్నర చొప్పున 36 అడుగులు. అటూ ఇటూ కాస్త ఖాళీ కలిపి 40 అడుగుల వెడల్పు ఫ్రేములోకి రావాలంటే 18 మి.మీ. దగ్గర కెమెరా 32 అడుగుల దూరంలో ఉండాలి. అంటే ఫ్లాష్ వెలుగు పిల్లల దాకా సరిగా చేరనే లేదు. పైగా 1/30 సెకనులో 118 మంది కదలకుండా ఉండటం దేవుడికి కూడా సాధ్యం కాదు.

రెండోది ముఖాలు సాగిపోవడం. వైడ్ యాంగిల్‌లో తీసినప్పుడు అంచుల్లో ఉన్న గుండ్రని వస్తువు అడ్డంగా సాగి కోడిగుడ్డులా కనిపిస్తుంది. 18 మి.మీ. దగ్గర మన కెమెరాలో పక్క అంచున ఉన్న ముఖం దాదాపు 18 శాతం సాగుతుంది. అదే వెనక్కి నడిచి 35 మి.మీ.తో తీస్తే ఐదు శాతమే. ఇది లెన్స్ లోపం కాదు, జ్యామితి. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా మారదు.

మూడోది ఎవరూ పట్టించుకోరు. 1200డి ఫోటో అడ్డంగా 5184 చుక్కలు. 40 అడుగులకు పంచితే అడుగుకు 130. ముఖం వెడల్పు అరడుగు అనుకుంటే ఒక్కో పిల్లవాడి ముఖానికి దక్కేది 65 చుక్కలే. అందులో మూడు నాలుగు చుక్కల మేర కదలికో మసకో చేరినా కళ్లూ ముక్కూ కలిసిపోతాయి. ఇక ఏడు అంగుళాల పేజీలో అచ్చు వేస్తే ముఖం రెండు మి.మీ. కొంచెం పైన. అందుకే ఈసారి గ్రూప్ ఫోటోని నడిమి రెండు పేజీలకు పరిచి వేయమని కమిటీని అడిగాం, ఒప్పుకున్నారు.

తర్వాత అదే పాత లెన్స్‌తో ప్రయత్నం చేశాం. ఉదయం పది గంటలకు హాస్టల్ భవనం నీడలో పిల్లల్ని నిలబెట్టి, కెమెరాని స్టాండు మీద పెట్టి, 63 అడుగులు వెనక్కి జరిగి, 35 మి.మీ., ఎఫ్ 8, 1/250 సెకను, ఐ.ఎస్.ఓ. 400. చివరి వరుస కొసన నిలబడ్డ ఆరో తరగతి పిల్లవాడి చొక్కా గుండీలు కూడా తెలిశాయి. లెన్స్ నోరు చిన్నదిగా చేసి ఎఫ్ 8 దగ్గర పెడితే మామూలు కిట్ లెన్స్ కూడా మంచి లెన్స్‌కు బాగా దగ్గరగా వస్తుంది. ఎందుకంటే కటకం అంచుల గుండా వచ్చే కిరణాలే ఎక్కువగా దారి తప్పుతాయి. గోళీయ విపథనం అని ఇంటర్లో చదువుకున్నది ఇదే. నోరు చిన్నది చేస్తే ఆ కిరణాలకు అడ్డు పడుతుంది. అలాగని ఎఫ్ 22 దాకా పోకూడదు. అక్కడ వివర్తనం వల్ల మొత్తం ఫోటో మెత్తబడిపోతుంది. మన కెమెరాకి ఎఫ్ 11 దాటకపోవడం మంచిది.

మరి ఎఫ్ 8తో పని జరిగిపోతుంటే కొత్త లెన్స్ ఎందుకు అని ఒక అన్న ఫోన్‌లో గట్టిగానే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. గ్రూప్ ఫోటో కోసమే అయితే డబ్బు తిరిగి ఇచ్చేయాల్సిందే. కానీ ఏడాదిలో మనం తీసే ఫోటోల్లో ఎక్కువ భాగం సాయంత్రాలవి. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి సభ, వార్షికోత్సవం నాటికలు, కోలాటం, బహుమతి ప్రదానం, ట్యూబులైటు కింద స్టడీ అవర్. అక్కడ ఎఫ్ 8 అంటే చీకటే.

కిట్ లెన్స్ పేరు మీద 3.5-5.6 అని రెండు అంకెలుంటాయి. వైడ్‌లో ఉన్నప్పుడు 3.5, జూమ్ చేసి 55కి వెళ్తే 5.6కి పడిపోతుంది. ఎఫ్ 2.8 లెన్స్ మొదటి నుంచి చివరి దాకా 2.8గానే ఉంటుంది. 5.6 కంటే 2.8లో నాలుగు రెట్లు వెలుగు వస్తుంది. స్టేజీ మీద కిట్ లెన్స్‌తో 1/60 సెకను వస్తున్న చోట దీనితో 1/250 వస్తుందన్న మాట. కోలాటం కర్ర 1/60లో గీతలా వస్తుంది, 1/250లో దాదాపు కర్రలాగే వస్తుంది. చాలామంది లెన్స్ మెత్తగా ఉందనుకునే ఫోటోల్లో నిజానికి మెత్తగా ఉన్నది మనిషి కదలికే.

ఇక్కడ స్టెబిలైజేషన్ గురించి ఒక మాట. లెన్స్‌లో చేతి వణుకును సర్దే ఏర్పాటు ఇది. కదలని వస్తువుకు బాగా ఉపయోగం. ఎగిరే పిల్లవాణ్ని మాత్రం అది ఆపలేదు. దుకాణాల్లో ఈ తేడా చెప్పరు.

ఇక ఏవేవి చూశాం? మొదట కొందరు 18-200 మి.మీ. లాంటిది కొంటే దూరం దగ్గర అన్నీ ఒకదానితోనే అయిపోతాయి కదా అన్నారు. మేము వద్దన్నాం. నాభ్యంతరం అంత విస్తారంగా మారాలంటే లోపలి కటకాల అమరికలో చాలా చోట్ల రాజీ పడాలి. మూలలు మెత్తబడతాయి, చివర ఎఫ్ 5.6 లేదా 6.3కి దిగుతుంది. మన అవసరానికి సరిగ్గా వ్యతిరేకం. కెనాన్ 15-85 మి.మీ. 2009 నాటిది, పగటిపూట చాలా స్పష్టంగా వస్తుంది, వెడల్పు కూడా ఎక్కువ. కానీ అదీ 5.6కి దిగేదే కాబట్టి సాయంత్రం మళ్లీ మొదటికొస్తాం.

మిగిలినవి ఎఫ్ 2.8 జూమ్‌లు. కెనాన్ వాళ్ల 17-55 మి.మీ. 2006లో వచ్చింది, వీటిలో మా దృష్టిలో అన్ని విధాలా మెరుగైనది అదే, బరువు 645 గ్రాములు, మన డబ్బుకు అందలేదు. ట్యామ్రాన్ 17-50 రెండు రకాలు. 2006 నాటి స్టెబిలైజేషన్ లేనిది 430 గ్రాములే, 2009 నాటి స్టెబిలైజేషన్ ఉన్నది 570. వాడినవాళ్లలో చాలామంది మొదటిదే ఎక్కువ పదును అంటారు. సిగ్మా 17-50 మి.మీ. 2010లో వచ్చింది, 565 గ్రాములు, స్టెబిలైజేషన్ ఉంది. నికాన్ కెమెరా ఉన్న తమ్ముళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ట్యామ్రాన్ పాత రకంలో నికాన్ కోసం చేసిన వాటిలో కొన్నిటికి లోపల మోటారు ఉండదు. అవి డి40, డి60, డి3100 లాంటి కెమెరాల మీద తమంతట ఫోకస్ చేయలేవు. మీ బాడీకి తగిలించి చూసి మరీ కొనండి. కెనాన్ వాళ్లకు ఈ బాధ లేదు.

కొత్తగా కెమెరా కొనేవాళ్లయితే ఈ పట్టికంతా అక్కర్లేదు. ఇప్పుడు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల కాలం. వాటికి సిగ్మా 18-50 ఎఫ్ 2.8 2021 నుంచి ఉంది, బరువు మూడొందల గ్రాముల లోపే. మనకున్నది మాత్రం 1200డి, దానికి సరిపోయేదే చూసుకోవాలి.

ఇప్పుడు అసలు కష్టం. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ప్రతి లెన్సూ ఒకేలా ఉండదు. లోపలి కటకాల్లో ఏదో ఒకటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఒక వైపు స్పష్టంగా, ఇంకో వైపు మసగ్గా వస్తుంది. వాడిన లెన్సుల్లో కింద పడ్డవి కూడా ఉంటాయి. కాబట్టి పేరు చూసి కాకుండా చేతిలో ఉన్న వస్తువును పరీక్షించే కొనాలి. ఇలా చేశాం.

దినపత్రికలో చిన్న ప్రకటనలు వచ్చే పేజీలు ఐదు తీసుకుని గోడ మీద మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు అంటించాం. కెమెరాని స్టాండు మీద గోడకు సరిగ్గా ఎదురుగా పెట్టాం. స్టాండు లేకపోతే రెండు స్టూళ్లు, కొన్ని పుస్తకాలు చాలు. ఫోకస్‌ని వెనక తెర మీద పెద్దది చేసి సరిచూసుకుని, బటన్ నొక్కిన కుదుపు తగలకుండా రెండు సెకన్ల టైమర్‌తో తీశాం. 17, 35, 50 మి.మీ.ల దగ్గర, ఒక్కోచోట ఎఫ్ 2.8, 4, 5.6, 8. మొత్తం పన్నెండు ఫోటోలు. కంప్యూటర్‌లో పూర్తి సైజులో చూసి నాలుగు మూలలూ పోల్చాం. ఎఫ్ 2.8లో మూలలు కొంచెం మెత్తగా ఉండటం సహజం, అన్ని మూలలూ సమానంగా మెత్తగా ఉంటే ఫరవాలేదు. ఒక వైపే మసకగా ఉంటే అనుమానించాలి. అప్పుడు కెమెరాని తలకిందులుగా పట్టి మళ్లీ తీయాలి. ఫోటోలో మసక అదే వైపు ఉండిపోతే దోషం లెన్స్‌ది. రెండో వైపుకి మారితే కెమెరా గోడకు సరిగ్గా ఎదురుగా లేదన్నమాట.

మేము చూసిన మొదటి లెన్స్ (కంపెనీ పేరూ దుకాణం పేరూ ఎందుకులెండి) కుడి వైపు ఎఫ్ 8లో కూడా తేరుకోలేదు. చూడటానికి అద్దంలా మెరిసిపోతోంది. "ఇలా గోడలకి పేపర్లు అంటించి చూసేవాళ్లెవరూ ఉండరు బాబూ" అని ఆయన విసుక్కున్నాడు. నిజమే, ఆయనకు ఆటో అన్న రెండొందల సంగతి తెలియదు కదా. వాపసు ఇచ్చేశాం. రెండోచోట దొరికిన సిగ్మా 17-50 నాలుగు మూలలా సమానంగా వచ్చింది. అదే తీసుకున్నాం. హుడ్ కూడా కలిపి డబ్బు సరిపోయింది.

బూజు కూడా చూడాలి. మన కోస్తా గాలిలో తేమకి లెన్స్ లోపల సాలెగూడు దారాల్లా బూజు పాకుతుంది. వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూస్తే తెలుస్తుంది. ముందు గాజు మీద సన్నని గీత ఒకటి ఉన్నా భయపడక్కర్లేదు. వెనక గాజు మీద గీత మాత్రం ఎక్కువ చెరుపు చేస్తుంది. చౌక ఫిల్టర్ బిగించి మంచి లెన్స్‌ని పాడుచేసుకోవద్దు.

ఎఫ్ 2.8 వాడేటప్పుడు తమ్ముళ్లు ఒకటి తెలుసుకోవాలి. 50 మి.మీ. పైన, పదమూడు అడుగుల దూరంలో ఉన్న మనిషిని తీస్తే స్పష్టంగా ఉండే లోతు రెండడుగులకు కొంచెం అటూ ఇటూ. బహుమతి ఇచ్చే అతిథి, తీసుకునే పిల్లవాడు ఒకే దూరంలో ఉంటే ఇద్దరూ బాగా వస్తారు. ఒకరి వెనక ఒకరుంటే ఒకరే వస్తారు. అలాంటప్పుడు ఫోకస్ పిల్లవాడి కంటి మీద పెట్టండి. అతిథి గారి ఫోటోలు ఆయనకు చాలా ఉంటాయి.

లెన్స్ ప్రస్తుతం ఆఫీసు గది బీరువాలో, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంది. పొట్లాల్లో రంగు గుళికలు రంగు మారితే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వేయాలి. తాళం వార్డెన్ గారి దగ్గర, వాడకం పుస్తకం పదో తరగతి లీడర్ దగ్గర ఉంటాయి. రసీదు, పన్నెండు పరీక్ష ఫోటోలు ఒక సీడీలో పెట్టి అదే బీరువాలో ఉంచాం. చూడాలనుకున్న అన్నలు వార్షికోత్సవం రోజున అడిగి చూడవచ్చు.