దుడుకు వీరునికి తగిన ఫలమేది?

గత వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము మా వీధిలోని ఒక తల్లి మా ఇంటికి వచ్చెను. తన కుమారుడు రెండు దినములుగా సరిగా భోజనము చేయుట లేదనియు, కారణమడిగినచో "నా వీరుణ్ణి ఉరి తీసేసినారు" అని మాత్రము చెప్పి మొగము త్రిప్పుకొనుచున్నాడనియు ఆమె వాపోయెను. బాలుడు తొమ్మిదవ తరగతివాడు. కళాశాలలో చదువుచు సెలవులకు ఊత్తంగరై వచ్చిన యువకుడొకడు వానిని, మరి ముగ్గురు పిల్లలను కూర్చుకొని ఒక క్రొత్త ఆట ఆడించుచుండెను. "అది చదువు చెరిచే ఆటో, మనసు చెరిచే ఆటో మీరే చూసి చెప్పండన్నా" అని ఆమె అడిగెను.

నేను పోయి చూచితిని. ఆటయందు నాకు దోషము కనబడలేదు. ఆ బాలునికి ఇచ్చిన తీర్పునందు కనబడినది. ఇట్టి ఆటలు నేడు పెద్ద పట్టణములనుండి మన ఊళ్లకును వచ్చుచున్నవి గనుక, ఆ భేదమును మన పాఠశాల తల్లిదండ్రులకు విశదపరచుట మంచిదని తలంచితిని.

ఈ జాతి ఆటలకు చదరంగమువలె గడులు లేవు. ఒకడు గెలిచి మరొకడు ఓడుటయు లేదు. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. వారిలో ఒకడు సూత్రధారి. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. వేషము లేదు, రంగు లేదు, అంతయు మాటలతోనే. "నీవు కోట వాకిట నిలిచినావు, కావలివాడు అడ్డగించినాడు" అని సూత్రధారి అనును. తన పాత్ర ఏమి చేయునో ఆటగాడు చెప్పును. ఫలితము సందేహమైనచోట పాచిక వేయుదురు. మా పిల్లలు ఆడుచున్నది 'కింగ్ ఆర్థర్ పెండ్రాగన్' అను ఆట. అమెరికా దేశస్థుడైన గ్రెగ్ స్టాఫర్డ్ రచింపగా 1985లో అది ప్రకటింపబడెను. బ్రిటన్ దేశపు ఆర్థరు రాజు కథయే దానికి ఆధారము. ముఖ్యముగా థామస్ మాలొరీ వ్రాయగా కాక్స్టన్ 1485లో అచ్చువేసిన గ్రంథము. ఆటగాండ్రందరు ఆ కాలపు అశ్వవీరులు.

ప్రతి వీరునికి ఒక పత్రము ఉండును. బలము, కత్తి నేర్పు మొదలగునవి ఇతర ఆటలలోను అంకెలలో వ్రాయుదురు. ఈ ఆటలో స్వభావమును గూడ అంకెలలో వ్రాయుదురు. క్షమయు పగయు, దయయు క్రౌర్యమును, అణకువయు గర్వమును, ఇట్లు ఎదురెదురు గుణములు 13 జంటలు కలవు. ఒక్కొక్క జంట మొత్తము 20. క్షమ 7 అయినచో పగ 13. వీరుడు క్షమించుచు పోయినకొలది క్షమ పెరిగి పగ తరుగును. మనిషి చేయు పనులే మనిషిని దిద్దునను సంగతిని పిల్లలకు ఇంత సులువుగా చూపు లెక్కను నేను వేరొకచోట చూడలేదు.

ఈ జంటలలో ఒకదానికి ఒక వైపు వివేకము. రెండవ వైపునకు తెలుగు మాట యేదని పిల్లలలో తగవు వచ్చెనట. (వారి ఆట తెలుగులోనే సాగును; పోరు ముదిరినప్పుడు మాత్రము తెలియకయే తమిళములోనికి జారుదురు.) ఒకడు 'తెగువ' అనెను. మరొకడు ఒప్పుకొనక, తెగువ మెచ్చుకోలు మాట, 'దుడుకు' అని వ్రాయవలెననెను. వాని మాటయే సరి. తెగువగలవాడని పొగడుదుము, దుడుకువాడని మందలింతుము. అయినను ఆ రెంటి నడుమ గీత ఎచ్చట ఉన్నదో పని జరుగకముందు చెప్పగలవాడెవడు? బాలునికి వచ్చిన ఆపద అంతయు ఆ గీత దగ్గరనే వచ్చెను.

గుణములుగాక ఆవేశములని వేరే కలవు: ప్రభుభక్తి, బంధుప్రేమ, ఆతిథ్యము, మానము, ద్వేషము. వీనికిని అంకెలు ఉండును. ఆపత్సమయమున వీరుడు తన ఆవేశమును పిలుచుకొనవచ్చును. 20 ముఖముల పాచిక వేయగా తన అంకెగాని అంతకు తక్కువగాని పడినచో ఆవేశము పూని, తన శక్తికి మించి పోరాడును. ఎక్కువ పడినచో గుండె జారును. 20 పడినచో సాధారణముగా మతి చెడి ఎటో పరుగెత్తిపోవును. కొంతకాలము ఆ పాత్ర ఆటగాని చేతిలో ఉండదు. 16గాని అంతకు మించిగాని అంకె ఉన్నచో ఆ స్వభావము లోకమెరిగినదే. అట్టివానిని కీలకసమయమున సూత్రధారి తానే పాచిక వేయుమని కోరవచ్చును.

మన బాలుని వీరునికి సాక్సను జాతిపై ద్వేషము 17. వాని తండ్రిని సాక్సనులు చంపిరని కథ. ఒకనాటి ఆటలో ప్రభువు కోటలో విందు. సంధి మాటలకై సాక్సనుల రాయబారి వచ్చి అతిథిగా కూర్చుండెను. ఆ సంధికొరకు తక్కిన ముగ్గురు వీరులు నాలుగు వారములుగా పాటుపడియుండిరి. సూత్రధారి పాచిక వేయుమనెను. 9 పడెను. "లేచి నరికేసినాను!" అని బాలుడు అరచెను. సూత్రధారికి దిక్కు తోచలేదు. "ప్రభువు నిన్ను అప్పుడే ఉరి తీయించెను" అని చెప్పి పత్రమును రెండుగా చింపివేసెను. తక్కిన ముగ్గురు, తమ శ్రమయంతయు ఒక్క మాటలో పోయెను గదా యని, బాలునిపై విరుచుకుపడిరి.

రాయబారి ప్రాణము పోయినంతట ఏమగునో తెలుగువారికి తెలియనిది కాదు. పలనాటి వీరుల కథలో సంధికి వెళ్లిన అలరాజు విషమునకు బలియయ్యెను. పిదప కారంపూడి యుద్ధమున ఇరుపక్షముల వీరులును నేలకొరిగిరి. నేటికిని కారంపూడిలో ఏటేట ఐదు దినములు జరుగు వీరుల ఉత్సవమున ఒక దినమునకు 'రాయబారము' అనియే పేరు. కాబట్టి బాలుడు చేసినది చిన్న పని కాదు. ఫలము ఉండియే తీరవలెను. ఏ ఫలము, ఎవరిపై, అన్నదే ప్రశ్న.

ఉరి ఏల తగదనగా, బాలుడు ఆట నియమమును దాటలేదు. ద్వేషము 17 అని పత్రము చెప్పినది. ఔనని పాచిక పలికినది. వాడు ఆ మాట నెరవేర్చెను. నెరవేర్చినందుకు వానిని బల్లనుండియే లేపివేసిరి. శిక్ష వీరునికని పేరు, పడినది పిల్లవానికి. ఇట్లు రెండుమారులు జరిగినచో మూడవమారు ఆ పిల్లవాడు ఏ ప్రేమయు ఏ ద్వేషమును లేని చప్పిడి వీరుని ఒకనిని వ్రాసుకొని మూల కూర్చుండును. వానికి ఆపద రాదు. కథయు రాదు.

పోనీ, క్షమించి విడిచినచో? ఇది దయవలె కనబడును గాని, దీని సంగతి మన భారతములోనే ఉన్నది. ధర్మరాజుకంటె ధర్మమెరిగినవాడు లేడు. అట్టివానికిని జూదమన్న పట్టరాని వ్యసనము. రాజ్యమును, తమ్ములను, తన్ను, ద్రౌపదిని ఒడ్డి ఓడెను. సభలో ఘోరము జరిగినపిదప ధృతరాష్ట్రుడు భీతిల్లి, ద్రౌపదికి వరములిచ్చి, పోయినదెల్ల తిరిగి ఇచ్చెను. అనగా ఫలము తుడిచివేయబడెను. అంతట ఏమి జరిగినది? పాండవులు దారిలో ఉండగనే మరల పిలుపు వచ్చెను. ధర్మరాజు మరల పోయి కూర్చుండెను. మొదటి జూదమునకు మూల్యము చెల్లించియుండినచో రెండవదానికి కాలు కదిలియుండునా యని నాకు చిన్ననాటినుండియు సందేహమే.

రెండవ జూదపు ఫలము వేరు విధమైనది. చంపలేదు, విడువలేదు. 12 ఏండ్ల వనవాసము, ఒక ఏడు అజ్ఞాతము. ఓడినవాడు కథలోనే ఉండెను, ఇంకను లోతునకు పోయెను. నన్నయ కొంతవరకు వ్రాయగా ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వమంతయు ఆ ఫలమునుండి పుట్టినదే. మన ప్రాంతపు ద్రౌపదమ్మ తిరునాళ్లలోను, చిత్తూరు సీమ ధర్మరాజుల గుడులలోను 'అర్జున తపస్సు' నాడు వేషధారి ఎత్తయిన మ్రాను ఎక్కుచుండగా జనము తలలెత్తి చూచును గదా. జూదమునకు ఆ శిక్ష పడియుండనిచో ఆ మ్రానును లేదు, ఆ తపస్సును లేదు.

మాలొరీ గ్రంథమునను ఇట్టి తీర్పు ఒకటి కలదు. గవేను అను వీరుడు, శరణుకోరిన శత్రువును విడువక కత్తి ఎత్తగా, ఆ శత్రువు ప్రియురాలు అడ్డుపడి ఆ వ్రేటుకు తెగిపోయెను. గవేను ఆమె శవమును గుఱ్ఱముపై మోసికొని ఆర్థరు కొలువునకు రావలసివచ్చెను. రాణియు, అంతఃపుర స్త్రీలును విచారించి, వాడు బ్రదికినంతకాలము స్త్రీల పక్షమున పోరాడవలెననియు, శరణన్నవానిని ఎన్నడును కాదనరాదనియు కట్టడి చేసిరి. వానిని కొలువునుండి తరుమలేదు. తప్పు ఏ చోట జరిగెనో ఆ చోటనే ఒక జీవితకాలపు పని పెట్టిరి.

ఈ రెండు కథలను నేను ఆ యువకునితో ముచ్చటించితిని. మంచివాడు, వినెను. చింపిన పత్రమును జిగురుకాగితముతో అతికించి, ఉరి ఆజ్ఞ అయినది గాని అమలు కాలేదని పిల్లలకు చెప్పెను. పిదప జరిగిన తీర్పు ఇది. వీరుని మానము, ఆతిథ్యము రెండును తగ్గింపబడెను. అతిథిని కాపాడలేని ప్రభువునకు మాటపోయినది. కనుక రాయబారి బంధువులకు నెత్తుటి వెల చెల్లింపవలసి, దానికై వీరుని చేని పంట తీసికొనెను. ఇది కల్పన గాదు. హతుని అంతస్తునుబట్టి వెల కట్టు ఆచారము ఆ జాతులలో ఉండెను. కెంటు రాజైన ఎథెల్బర్టు శాసనములలో 7వ శతాబ్ది ఆరంభముననే ఆ వెలలు వ్రాయబడినవి. తుదకు, వీరుడు ఆయుధము లేక రాయబారి శవమును తానే తోడ్కొనిపోయి వాని తండ్రి ఇంటివాకిట దింపవలెను.

అప్పుడు సూత్రధారి తక్కిన ముగ్గురివైపు తిరిగి, వెంట పోవువారెవరని అడిగెను. ఈ ప్రశ్న ఎంతో ముఖ్యము. ఒకని దుడుకుతనమువలన నష్టపడినది ఆ ముగ్గురే. వారికి మాట లేకున్నచో ఆ కోపము బల్ల దిగి వీధిలోనికి వచ్చును. ఒకడు రాననెను. ఒకడు ప్రభువు గౌరవముకొరకు వచ్చెదననెను. మూడవవాడు చెడిన సంధిని ఆ వాకిటనే మరల కుదుర్చవలెనని బయలుదేరెను. రెండు దినములకు పూర్వము తిట్టిన పిల్లలే, ఆ ప్రయాణముకొరకు పటము గీయుచు కూర్చుండిరి.

ఇంకొక లోపమును గూడ యువకుడు దిద్దుకొనెను. ఇప్పుడు పాచిక చేతికి ఇచ్చుటకు ముందే ఏది పోవునో చెప్పుచున్నాడు: "నీ ద్వేషము 17. అంతలోపల పడినచో కత్తి లేచును, సంధి చెడును. వేసెదవా, విందు విడిచి బయటికి పోయెదవా?" బయటికి పోవుటయు ఊరక రాదు, ప్రభువు దానిని అవమానముగా తలంచును. అయినను త్రోవ ఉన్నది. తెలిసి వేసిన పాచికకు పిల్లవాడు ఫలమును వాదులేక ఒప్పుకొనును. హింసలో ఏ సంగతులు అసలు బల్లమీదికే రాకూడదో అదియు మొదటి దినముననే అనుకొనవలెను.

ఈ ఆటలో సాధారణముగా ఒక కూర్పు ఒక సంవత్సరము. ప్రతి శీతకాలమున పంట, పిల్లలు, వయస్సు లెక్కింతురు. వీరుడు గతించినచో కొడుకు కత్తి అందుకొనును. కనుక ఫలము ఒక్కనాడే అంతయు రానక్కరలేదు. రాయబారికి ఆరేండ్ల కుమారుడు కలడని సూత్రధారి తన పుస్తకములో వ్రాసుకొనెను. పది పన్నెండు కూర్పులలో వాడు పెద్దవాడగును. వాని పత్రమున ద్వేషము ఎంత ఉండునో నాకు చెప్పెను గాని, పిల్లలు ఈ సంచికను చదువుదురు గనుక ఇచ్చట వ్రాయను.

వేషము వేరు, వేషధారి వేరు అన్న ఎరుక మన కూత్తు మేళములకు ఎప్పటినుండియో కలదు. వస్త్రాపహరణపు రాత్రి కొన్ని మేళములలో దుశ్శాసన వేషధారి ఆట నడుమ నిలిచి, కర్పూరము వెలిగించి, ద్రౌపదమ్మకు మ్రొక్కి, అటుపిమ్మటనే కోక మీద చేయి వేయును. తెల్లవారినపిదప అతడే తక్కిన వేషగాండ్రతో టీ త్రాగుచుండును. ఊరివారెవరును వానిని దుశ్శాసనుడని దూరముంచరు. ఆ తల్లికి నేను ఈ మాటయే చెప్పితిని. ఇంటికి వచ్చిన పిల్లవానిని "నీవు ఎందుకు చంపినావు?" అని గాక "నీ వీరుడు ఇప్పుడేమి చేయును?" అని అడుగుమంటిని.

ఆమె అడిగెనట. శవము దింపినపిదప ఆ ముసలితండ్రితో ఏమి పలుకవలెనో తోచలేదని వాడు ఆమెనే తిరిగి అడిగెనట. సెలవులు ముగిసి యువకుడు కళాశాలకు వెళ్లినందున వీరులు ఇంకను ఆ వాకిటనే నిలిచియున్నారు. దసరా సెలవులకు తలుపు తెరువబడును. ఈలోపల బాలుడు మూడు విధముల మాటలు నోటుపుస్తకము వెనుక వ్రాసి, రెండింటిని కొట్టివేసినాడు.