మెరిసే రేకు చల్లగా ఉంటుందా?

మే నెలలో రాయపూర్‌లో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లే రోజులుంటాయి. అక్కడొక గోదాముకు కప్పు వేయాలనుకోండి. దేనితో వేస్తారు?

ముందు బరువు చూద్దాం. 10 సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు సుమారు 240 కిలోలు తూగుతుంది. అర మిల్లీమీటరు ఉక్కు రేకు సుమారు 4 కిలోలే. కనుక రేకులకు తేలికైన స్తంభాలు, పునాదులు చాలు. స్లాబు పగటి వేడిని దాచుకుని సాయంత్రం లోపలికి వదులుతుంది. రేకు త్వరగా కాగుతుంది, పొద్దు గుంకగానే చల్లారుతుంది. కాని పగలు దాని కింద మూటలు మోసే హమాలీల గతేమిటి?

తళతళలాడే జింకు పూత రేకు ఎండను తిప్పికొడుతుంది గదా, మరి అంతగా ఎందుకు కాలుతుంది? కప్పు చల్లగా ఉండాలంటే రెండు గుణాలు కావాలి. ఒకటి, ఎండను పరావర్తనం చేయడం. రెండు, గ్రహించిన వేడిని పరారుణ కిరణాలుగా వెదజల్లడం. మెరిసే లోహానికి రెండోది తక్కువ. తెల్లని పూతకు రెండూ ఉన్నాయి.

ఈ సమస్య రాయపూర్‌ ఒక్కదానిదే కాదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన విధానం కొత్త వాణిజ్య భవనాలకు చల్లని కప్పులను తప్పనిసరి చేసింది.

అయితే రాయపూర్‌ శివార్లలోని సిల్తరా, ఉర్లాలలో ఇనుము కర్మాగారాలున్నాయి. నల్లని ధూళి పేరుకుంటే తెలుపు గుణం తగ్గుతుంది. కాబట్టి వేసవికి ముందు కప్పు కడగాలి.

చవకని ఆస్‌బెస్టాస్ రేకుల మాటేమిటి? వాటిని కోసినా, పగలగొట్టినా లేచే సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరి క్యాన్సర్‌కు దారితీయగలవు. ధరలో మిగిలింది ఆరోగ్యంలో పోకూడదు.