మరిగే రాయి

రాయిని మంటలో పెడితే ఏమవుతుంది? వేడెక్కుతుంది, అంతే కదా! కానీ 1756లో స్వీడన్‌లో క్రాన్‌స్టెట్ అనే శాస్త్రవేత్త ఒక రాయిని వేడి చేస్తే, అది ఉడుకుతున్నట్టు ఆవిరి వదిలింది. అందుకే దానికి జియోలైట్ అని పేరు పెట్టాడు. గ్రీకు మాటల్లో దాని అర్థం 'మరిగే రాయి'.

ఆవిరి ఎక్కడిదంటారా? రాయిలో దాగిన నీళ్లదే. జియోలైట్‌లో సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు పందిరిలా అల్లుకుని ఉంటాయి. మధ్యలో చిన్నచిన్న గదులు. బడిలో ఉండే మైక్రోస్కోప్‌కి కూడా అవి కనిపించవు! నీళ్లు ఉండేది ఆ గదుల్లోనే. వేడికి నీళ్లు పోయినా చాలా రకాల్లో గదులు కూలిపోవు.

జియోలైట్ అంటే ఒక్క రాయి కాదు, పెద్ద కుటుంబం. అందులో స్టిల్‌బైట్ అందమైనది. తెల్లగానో, లేత నారింజ రంగులోనో, నడుముకి తాడు కట్టిన వరిపనలా ఉంటుంది. చాకుతో గీస్తే గీత పడుతుంది, అంత మెత్తన.

ఇది ఎలా పుట్టింది? సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కన్‌లో నేల చీలి, లావా పొరలు పొరలుగా పారింది. అందులోని వాయువుల వల్ల, పెనం మీద దోసెకి వచ్చినట్టే, బుడగలు వచ్చాయి. లావా చల్లారి నల్లటి బసాల్ట్ రాయి అయ్యాక ఆ బుడగలు చిల్లులుగా మిగిలిపోయాయి. తర్వాత వేడినీళ్లు రాతి సందుల్లోంచి ఊరుతూ, రాతిలోని పదార్థాలను కరిగించి తెచ్చి, ఆ చిల్లుల్లో స్ఫటికాలుగా పేర్చాయి. పుణె, నాసిక్ వైపు కంకర క్వారీల్లో రాయి పగలగొడితే ఇవి బయటపడుతుంటాయి. మన వికారాబాద్, ఆదిలాబాద్ వైపు ఉన్న నల్లరాయి కూడా ఆ లావాదే. అక్కడ పత్తి పండే నల్లరేగడి నేల ఆ రాయి అరిగి ఏర్పడిందే.

ఇప్పుడు ఆ గదుల సంగతి. 2021లో కరోనా బాగా పెరిగినప్పుడు, విదేశాల్లోని తెలుగువాళ్లు ఊళ్లకి ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు పంపించారు. మీ ఇంట్లో అడిగి చూడండి, ఎవరికైనా గుర్తుండవచ్చు. ఆ యంత్రంలో ఉండేది ఫ్యాక్టరీలో తయారైన జియోలైట్ గింజలే. గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. గాలిని ఒత్తిడితో పంపితే గింజలు నైట్రోజన్‌ని పట్టుకుంటాయి, ఆక్సిజన్ ముందుకెళ్లి రోగికి అందుతుంది. దీన్ని జల్లెడ అంటారు గానీ, అది సగమే నిజం. రెండూ దాదాపు ఒకే సైజు! నైట్రోజన్ ఆ గదుల గోడలకి ఎక్కువగా అతుక్కుంటుంది, అంతే. ఒత్తిడి తగ్గించగానే నైట్రోజన్ బయటికి పోతుంది, గింజలు మళ్లీ పనికి సిద్ధం.