సభ్యత్వ పుస్తకంలో మూడు సంతకాలు

మా సంఘం సభ్యత్వ పుస్తకంలో ఒకే కుటుంబానివి మూడు సంతకాలున్నాయి. తాతగారిది తెలుగులో, కొడుకుది తమిళంలో, మనుమడిది ఇంగ్లీషులో. ముగ్గురి ఇంట్లోనూ మాట్లాడేది తెలుగే. ఆ కొడుకు ఇప్పుడు అరవై దాటిన పెద్దమనిషి. నెలనెలా సమావేశానికి వచ్చి, "మనుమరాలికి తెలుగు అక్షరాలు నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంటారు.

ఆయన్ని చూసి నవ్వే హక్కు మాకు లేదు. ఇరవై అయిదేళ్లప్పుడు మాకు కావలసింది ఉద్యోగం. తమిళనాడులో గుమాస్తా పనంటే ఫైలు తమిళంలో నడపాలి. తమిళం మాకు అన్నం పెట్టింది, దానిమీద మాకు ఫిర్యాదు లేదు. ముప్పై అయిదుకు వచ్చేసరికి పిల్లల ఫీజులు, ఇంటి అద్దె. పెద్దవాణ్ణి ఇంగ్లీషు మీడియంలో చేర్చేటప్పుడు దరఖాస్తులో మాతృభాష కాలమ్ దగ్గర ఒక్క నిమిషం ఆగాము. "తమిళమని రాసేయండి సార్, తర్వాత ఏ గొడవా ఉండదు" అన్నారు పక్కన నిలబడ్డ తెలిసినాయన. రాసి సంతకం పెట్టాము. ఎవరూ బలవంతం చేయలేదు.

అప్పుడు తెలుగంటే ప్రేమ లేదని కాదు. ఏ వయసులో ఏది నెత్తిమీద ఉంటే దాని సంగతే ముందు చూస్తాము, మిగిలినవి తర్వాత చూద్దామనుకుంటాము. పెన్షన్ మొదలయ్యాక ఒకరోజు మా నాన్నగారి భూమి పత్రాలు బయటికి తీశాము. ఇంట్లో ఏడుగురం ఉన్నాము. అవి చదవగలిగింది మేమొక్కరమే.

చిక్కంతా ఇక్కడే ఉంది. తెలుగు తరగతి నిలవాలంటే పిల్లల లెక్క కావాలి. ఒక తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ ఆ భాష పిల్లలుంటే ప్రాథమిక స్థాయిలో వారికి ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం అంగీకరించింది. 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలోకి 350ఎ అధికరణం వచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన సౌకర్యాలు కల్పించాలని అది రాష్ట్రాలకు చెబుతుంది. ఇన్ని ఉన్నా ఆ పదిమంది పిల్లలను పంపవలసింది ఇళ్లవాళ్లే. మా పిల్లలు బడి వయసులో ఉన్నప్పుడు మాకు ఆ పట్టింపు లేదు. పట్టింపు కలిగేసరికి పంపడానికి పిల్లలు లేరు.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం సంగతీ ఇంతే. ఒకటో తరగతితో మొదలై, ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ 2015-16కు పదో తరగతికి చేరింది. పరీక్ష ముంచుకొచ్చాక భాషా అల్పసంఖ్యాకులు హైకోర్టుకు వెళ్లి మినహాయింపు తెచ్చుకోవలసి వచ్చింది. మధ్యలో దాదాపు పదేళ్ల వ్యవధి ఉంది. ఆ పదేళ్లూ మేము ఇంటి లోను, అమ్మాయి పెళ్లి పనుల్లో ఉన్నాము.

అందుకే కుర్ర తల్లిదండ్రులను తిట్టే ఉపన్యాసాలు మా సభల్లో మానేశాము. వాళ్ల నెత్తిన ఇప్పుడున్న బరువు నిన్నమొన్నటిదాకా మా నెత్తిన ఉన్నదే. వాళ్లను అడిగేది ఒక్కటే, మాతృభాష కాలమ్‌లో తెలుగని రాయమని. దానికి ఖర్చు లేదు. "మాకు తెలుగు చదవడం రాదు కదండీ, ఎలా రాయమంటారు?" అని చాలామంది అడుగుతున్నారు. 2011 జనగణన నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. చదివిన మీడియంతో దానికి సంబంధం లేదు. తెలిసిన ఇతర భాషలు రెండింటిని చెప్పుకోవడానికి వేరే ప్రశ్న ఉండింది, తమిళం, ఇంగ్లీషు అక్కడ చెప్పుకోవచ్చు. 2027 జనగణనకు మనిషి ఇంటికి వచ్చేలోగా ఈ మాట ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. వాకిట్లో నిలబడి జవాబు చెప్పేది ఎవరో ముందుగా తెలియదు కదా.

అక్షరాలు నేర్పే పని మాత్రం తీరిక ఉన్న మా వయసువాళ్లమే తీసుకున్నాము. ఆదివారం ఉదయం ఒక గంట, సంఘం గదిలోనే. పలకలు మేమే కొన్నాము. ఆ పెద్దమనిషి మనుమరాలిని దిగబెట్టి వెళ్లిపోతారనుకుంటే, వెనక బల్లమీద తనూ కూర్చుంటున్నారు. మనుమరాలు గుణింతాలు దాటింది. ఆయనకు ఒత్తులు ఇంకా కుదరలేదు.